అత్తిముగం అవ్వకి సున్నా మార్కులు

తెనాలిలో అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పాను. హోసూరు, కృష్ణగిరి వెళ్లి చెవులు చూసి వచ్చాను. కొండ మీద గుడి చూశావా, డ్యామ్ చూశావా అని అడుగుతారు. ఏవీ చూడలేదు. తిరిగిన మూడు రోజులూ నా కళ్లు జనం చెవుల మీదే ఉన్నాయి. ఎవరికి ఎంత వినపడుతోందో వాళ్ల నోటితోనే చెప్పించే కాగితం ఒకటి నా సంచిలో ఉంది. దాన్ని తెలుగు చేసిన ఘనుణ్ని నేనే.

ముప్పై ఏళ్లు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఊరికే కూర్చోలేక హైదరాబాదులో ఒక సేవాసంస్థకి అనువాదాలు చేసిపెడుతున్నాను. వాళ్ల దగ్గర పది ప్రశ్నల పత్రం ఉంది. చెవి సరిగా వినపడక ఇంట్లో, బయట ఎంత ఇబ్బంది పడుతున్నాడో మనిషి తనంతట తానే చెప్పుకోవాలి. లేదంటే సున్నా, అప్పుడప్పుడంటే రెండు, అవునంటే నాలుగు. మొత్తం నలభై. పది దాటినవాళ్లకి క్యాంపులో చెవి మిషను ఉచితంగా పెడతారు. దాటనివాళ్లకి నమస్కారం పెట్టి పంపుతారు.

ఇదే పత్రాన్ని ఆ సంస్థ అంతకుముందు అరబ్బీ మాట్లాడేవాళ్ల కోసం మార్పించింది. మా డైరెక్టరుగారు ఆ ఫైలు నా ముందు పడేసి, "మాస్టారూ, దారి వాళ్లు వేసేశారు. ఖర్జూరం ఉన్నచోట మామిడిపండు పెట్టండి, అయిపోతుంది," అన్నారు. ఫైలంతా వెతికినా ఖర్జూరం ఎక్కడా లేదు. ఆ పని చేసినావిడ ఎవరో గానీ, పేజీల అంచుల్లో ఇంగ్లీషులో బోలెడు గమనికలు రాసింది. ఆ గొడవ నాకెందుకని వాటిని చదవకుండానే ఫైలు మూశాను. నా తెలుగు మీద నాకు అంత నమ్మకం.

హోసూరు

జూన్ మొదటివారంలో మా తెనాలి పెనంలా కాలుతుంటే, హోసూరులో పొద్దున్నే భుజాల మీద తువ్వాలు కప్పుకోవాల్సి వచ్చింది. బస్టాండులో బోర్డులు తమిళం. పూలమ్మే ఆవిడ బేరం కన్నడం. బేరం తెగక వెళ్లిపోయినవాణ్ని ఆవిడ వెనకనించి తిట్టింది మాత్రం తెలుగులో. ఆ తిట్లు అచ్చమైనవి, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇరవై గులాబీల కట్ట అరవై రూపాయలంది. మా ఊళ్లో ఆ డబ్బుకి ఆరు పూలు కూడా రావు. తలలో పెట్టుకునేందుకు పక్కన ఎవరూ లేకపోయినా ఒక కట్ట కొన్నాను.

నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మాయి పేరు నాగవేణి. చెవి పరీక్షల చదువు చదివి, ఆ సంస్థకే హోసూరులో పనిచేస్తోంది. సొంతూరు శూలగిరి పక్కన అత్తిముగం. కాఫీ తాగుతూ నా పత్రం ఆమె చేతికిచ్చి, మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను.

"సార్, ఇది యాడి తెలుగు?" అంది.

"తెలుగేనమ్మా."

"మా అవ్వకి చదివితే కరెంటాఫీసు నోటీసు అనుకుంటాది సార్."

నా మొదటి ప్రశ్న మీరూ వినండి. 'శ్రవణ లోపము కారణముగా నూతన వ్యక్తులను కలుసుకొనునపుడు మీరు ఇబ్బందికి లోనగుచున్నారా?' ఈ వాక్యం రాసిన రోజు నన్ను నేను మెచ్చుకుని రెండు కాఫీలు తాగాను. నాగవేణి దాన్ని పెన్నుతో కొట్టేసి, కింద 'కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు సరిగ్గా వినపడక ఇబ్బంది అవుతా ఉందా?' అని రాసింది. మిగిలిన తొమ్మిదికీ అదే గతి పట్టింది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగం అరగంటలో దిద్దేసింది.

దిద్దడం అయ్యాక అసలు మాట చెప్పింది. "శనివారం కృష్ణగిరిలో క్యాంపు ఉంది సార్. మా అవ్వ పేరు రాయించినాను. ఇంటి మనిషిని కాబట్టి ప్రశ్నలు నేను అడగకూడదంట. మీరే అడగాల. బయట కొందామంటే టమాటాకి ధర లేక ఈ ఏడు పంటంతా చేలోనే వదిలేసినాము. మళ్లీ క్యాంపు ఎప్పుడో ఎవరికీ తెలీదు. అవ్వకి ఈసారి మిషను రావాల సార్."

చెవుడు ఉందని తేల్చడం అంత కష్టమా, వచ్చేస్తుందిలే అని ధైర్యం చెప్పాను.

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీల పక్కనున్న ఆంధ్రా మెస్సులో కూర్చున్నాం. భోజనం తొంభై. గోంగూరకి మా వైపు పులుపు లేదు, అయినా అన్నం రెండోసారి అడిగాను. అక్కడ తినేవాళ్లలో సగం మంది శ్రీకాకుళం నించి, కడప నించి వచ్చి రేకులు కొట్టే మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లు. సింహాచలం అనే ఆయన నా ఎదురుగా కూర్చుని, నాలుగు బల్లల అవతలికి వినిపించేలా మాట్లాడుతున్నాడు. పత్రం తీశాను.

"నాకేటి బాబూ! బెమ్మాండంగా ఇనిపిస్తాది!" అని అరిచాడు.

రెండో ప్రశ్న మూడుసార్లు అడిగించుకుని, దానికీ ఏ ఇబ్బందీ లేదన్నాడు. తర్వాత గొంతు తగ్గించాననుకుని, మెస్సు మొత్తానికి వినపడేలా అడిగాడు. "ఈ కాయితం మా సూపర్‌వైజర్‌కి సూపిస్తారేటి?"

చూపించం అన్నాను. ఆయన నమ్మలేదు. చెవి పోయిందని తెలిస్తే పని పోతుంది. చెవి కన్నా పని ముఖ్యం. సాయంత్రందాకా పన్నెండుమందిని అడిగాం. పన్నెండూ సున్నాలే. హోసూరంత ఆరోగ్యమైన చెవులున్న ఊరు దేశంలో లేదని రిపోర్టు రాసేయవచ్చు.

అత్తిముగం

మర్నాడు నాగవేణి తన స్కూటీ మీద ఎక్కించుకుని బయల్దేరింది. నాకని తెచ్చిన హెల్మెట్ వాళ్ల తమ్ముడిదట. నెత్తిన పెట్టి నొక్కితే కూర్చుంది. ఊళ్లో దిగాక ఎంత లాగినా రాలేదు. ఆ అవతారంతోనే వాళ్లింటి అరుగు ముందు నిలబడి నమస్కారం పెట్టాను. అరుగు మీద కూర్చున్న ముసలావిడ ఏదో అడిగింది. నాకు వినపడలేదు. నేను ఏదో చెప్పాను. ఆమెకి వినపడలేదు. ఇద్దరం తలలూపుకున్నాం. ఆవిడే గౌరమ్మవ్వ, నాగవేణి నాయనమ్మ.

అంతలో ఇంట్లోంచి నాగవేణి తల్లి సుజాతమ్మ కొబ్బరినూనె సీసాతో వచ్చింది. "తల వంచండి సార్!" అంది. ఆ గొంతు హెల్మెట్ దాటి, చెవి దాటి లోపలెక్కడో తగిలింది. నూనె పోసి, ఇద్దరూ చెరోవైపు పట్టి లాగితే తల బయటికొచ్చింది. పదిమంది చేరి చూశారు. మా ఊళ్లో అయితే కనీసం నవ్వు ఆపుకునేవారు.

ఆ ఇల్లు నాలుగు తరాలుగా అక్కడే సేద్యం చేస్తున్న వాళ్లది. కాళ్లు కడుక్కోవడానికి బయట కుళాయి దగ్గరికి పోతే, నీళ్లు పట్టుకుంటున్న పక్కింటావిడ నా దగ్గరగా జరిగింది. "ఆ ముసలామెని ఒక్కమాటన్నా మెల్లగా అనేది లేదప్పా ఆ కోడలు. పొద్దు మొలిస్తే అరుపులే. ఊరంతా వింటానే ఉండాము," అంది. కళ్లలో జాలి, గొంతులో సంబరం.

మధ్యాహ్నం రాగిముద్ద, ఉలవల పులుసు. నేను ముద్దని తుంచి శ్రద్ధగా నమిలాను. నములుతూనే ఉన్నాను. "నమలకూడదు సార్, మింగాల!" అని సుజాతమ్మ అరిచింది. తిండిని నమలకూడదనే ఊరు నాకు ఇదే మొదటిది. అవ్వ రెండు ముద్దలు ముగించేసరికి నేను సగంలో ఉన్నాను.

భోజనాలయ్యాక అరుగు మీద పరీక్ష మొదలైంది. అవ్వ గోడకి ఆనుకుని కూర్చుంది. గడప దగ్గర సుజాతమ్మ. వీధిలో పక్కింటావిడ, ఆమె వెనక ఇంకో నలుగురు. నేను గొంతెత్తి అడిగాను. "అవ్వా! ఇంట్లోవాళ్లు మాట్లాడేది వినపడక ఇబ్బంది అవుతా ఉందా!"

అవ్వ నావైపు చూడలేదు, వీధివైపు చూసింది. "నాకేమి ఇబ్బందప్పా! నా కోడలు బంగారం!"

"టీవీ వినపడదని ఇబ్బందా!"

"యా ఇబ్బందీ లేదు! అడగకముందే అన్నీ చేస్తాది!"

"చుట్టాలింటికి పోయినప్పుడు?"

"నా కోడలు తీసకపోతాది, తీసకొస్తాది!"

పది ప్రశ్నలకీ పది మెప్పులు. నేను చెవి గురించి అడుగుతున్నాను, ఆవిడ కోడలికి సర్టిఫికెట్ రాసిస్తోంది. కూడితే సున్నా వచ్చింది. నాగవేణి తల పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. "అమ్మ ఒక్కో మాట నాలుగుసార్లు అరస్తాది సార్. అయినా సున్నానా?" అంది.

కాఫీ వచ్చేలోపు వేరే పనిలేక అరబ్బీ ఫైలు తెరిచాను. మూడో పేజీ అంచున ఆవిడ రాసినది నా మొహాన కొట్టినట్టుంది. పిల్లల దగ్గర ఉండే పెద్దవాళ్లని ఇంట్లో ఇబ్బందేమిటని అడగొద్దు, వాళ్లు ఇంటి పరువుకి జవాబు చెబుతారు. అడగాలంటే ఒంటరిగా, వాళ్లు ఒకప్పుడు చేసి మానేసిన పని గురించి అడగాలి. ఎక్కడి అరబ్బీ, ఎక్కడి అత్తిముగం! ఆ మనిషి ఎవరో ఈ అరుగు మీద కూర్చుని వెళ్లినట్టే ఉంది. చదవకుండా మూసినందుకు నిజంగా సిగ్గేసింది.

చేను చూపించమని అవ్వని అడిగాను. ఇద్దరమే నడిచాం. బోరు దగ్గర గట్టు మీద కూర్చున్నాక ఆవిడ చెప్పింది, "ఎదురుగా కూచో అప్పా. అరవద్దు. నోరు చూస్తే నాకు సగం తెలస్తాది."

ఎదురుగా కూర్చున్నాను. "ఇంతకుముందు చేసి, ఇప్పుడు మానేసిన పని ఏమైనా ఉందా అవ్వా?"

మోటరు వైపు చెయ్యి చూపించింది.

"బోర్లో నీళ్లు అయిపోతానే దీని గొంతు మారతాదప్పా. ఇంట్లో ముద్ద కెలకతా ఉన్నా నాకు తెలిసిపోతా ఉండె. పరిగెత్తుకోని వచ్చి ఆపేస్తా ఉంటిని. ముప్పై ఏండ్లు నేనే చూసుకున్నాను. పోయినేడు మోటరు కాలిపోయింది. నేను ఈడనే, ఈ గట్టుమీదనే కూచోని ఉండాను. తెలీలేదు. పొగ వస్తే చూసినాను." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా కొడుకు ఒక్కమాట అనలేదప్పా. తిట్టుంటే బాగుండు. నీళ్లు అయిపోతే దానంతట అదే ఆగిపోయే మోటరు తెచ్చి పెట్టేసినాడు. నాకు ఇంక పనే లేదు."

"మరి ఇందాక ఏ ఇబ్బందీ లేదన్నావే?"

"ఆడ చెప్పేదా? సుజాత అరస్తాదని ఊరంతా అంటా ఉండారు. చెవిటిది కదా అని నా ఎదురుగానే అంటారు. నోళ్లు చూస్తే నాకు తెలీదా? అరవకపోతే నాకు వినపడదు, అది ఏం చేస్తాది పాపం! ఇంక అత్త కూడా ఇంట్లో ఇబ్బందని కాగితంలో రాయించిందంటే దాన్ని బతకనిస్తారా?"

తిరిగొచ్చాక పత్రం కింద పదకొండో ప్రశ్న రాశాను. మోటరు శబ్దం మారితే మీకు తెలుస్తోందా? తెలియడం లేదు. నాలుగు మార్కులు. చాలవని తెలుసు. అయినా ప్రశ్న బాగుంది, క్యాంపులో చదివినవాళ్లు మనసు మార్చుకుంటారని గర్వంగా మడిచి జేబులో పెట్టుకున్నాను.

కృష్ణగిరి

శనివారం పొద్దున అందరం బస్సులో కృష్ణగిరి చేరాం. ఊరంతా మామిడి వాసన. గుజ్జు ఫ్యాక్టరీలకి పోయే తోతాపురి లారీలు రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉన్నాయి. మా వైపు బంగినపల్లి తప్ప ఇంకోదాన్ని మామిడి అని ఒప్పుకోం. ఇక్కడ ఆ మాట పైకి అనకుండా ఒక తోతాపురి ముక్క ఉప్పూ కారం అద్దుకుని తిన్నాను. పదిరూపాయలు. ఇంకో పదిరూపాయలిచ్చి ఇంకో ముక్క కూడా తిన్నాను.

క్యాంపు ఒక కల్యాణమండపంలో. పెళ్లికొడుకు కూర్చునే ఎర్రకుర్చీలో క్యాంపు ఇన్‌ఛార్జి కూర్చున్నాడు. ముందు స్టాంపు, ఇంకుప్యాడు. వరుసలో అత్తిముగం జనం కూడా ఉన్నారు. పక్కింటావిడ మామగారిని తీసుకొచ్చి సరిగ్గా మా వెనకే నిలబడింది.

ఇన్‌ఛార్జి నా పత్రం చూశాడు. "పదకొండో ప్రశ్న ఏమిటండీ?"

చెప్పాను. మోటరు, గొంతు, పొగ, అన్నీ చెప్పాను.

"ప్రశ్నలు పదేనండీ. మోటరు గురించి ఏ దేశం పత్రంలోనూ లేదు. ఈమెకి సున్నా వచ్చింది. అంటే బాగా వినపడుతోందన్నమాట." అవ్వవైపు తిరిగి, "సంతోషం తల్లీ, వెళ్లిరండి," అన్నాడు. అవ్వకి ఆ మాట వినపడలేదు. నవ్వుతూ అక్కడే నిలబడింది.

నాగవేణి బతిమాలింది. మళ్లీ ఒక్కసారి అడగడానికి రూల్సులో వీలుందని ఆయన ఒప్పుకున్నాడు. అయితే జవాబు ఆవిడే చెప్పాలి, పక్కవాళ్లు అందించకూడదు. మొదటి ప్రశ్న నేను గట్టిగా అడిగాను. అవ్వ వెనక్కి తిరిగి పక్కింటావిడని చూసింది. "ఇబ్బంది లేదు," అంది. రెండోది అడిగాను. "లేదు." మూడోది అడగబోతుంటే సుజాతమ్మ వచ్చి అత్త ఎదురుగా నిలబడింది.

"అత్తా! నేను నిన్ను సరిగా చూసుకోలేదని చెప్పు! ఏమీ అనుకోను! ఇంట్లో ఉండేదంతా చెప్పేయి!"

మండపంలో అందరూ ఆమెనే చూస్తున్నారు. పక్కింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, జవాబు అందించకూడదు," అన్నాడు ఇన్‌ఛార్జి.

"జవాబు చెప్పలేదు సార్. చెప్పుకోమన్నాను, అంతే." ఆమె ముఖం ఎర్రబడింది గానీ తల దించలేదు. ఊళ్లో ఇన్నాళ్లూ చాటుగా అంటున్నదాన్ని జిల్లా కేంద్రంలో నలుగురి ముందు తన నెత్తిన తనే వేసుకుంది. ఆ క్షణాన ఆమెకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

అవ్వ కోడలి ముఖం చూసి, నావైపు తిరిగింది. "మొదటినించీ అడగప్పా," అంది.

అడిగాను. కొత్తవాళ్ల మాట వినపడదు. ఇంట్లోవాళ్ల మాట వినపడదు. చుట్టాలింట్లో అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక తానూ నవ్వుతుంది. ఒక్కోదానికి నాలుగు వేస్తూ పోయాను. నోరు తెరిచిన అవ్వ పత్రం దగ్గర ఆగలేదు. టీవీ శబ్దం పెంచనివ్వరు. ఏం కూర చేయాలో తనని అడగరు. ఉలవల పులుసులో ఎప్పుడూ ఉప్పెక్కువే.

"ఉప్పు ప్రశ్నల్లో లేదమ్మా," అన్నాడు ఇన్‌ఛార్జి.

"రాసుకో అప్పా, మళ్లీ ఎవరు అడగతారు!"

నలభైకి నలభై వచ్చాయి. స్టాంపు ఇంకులో ముంచి ఆయన ఇంకో కాగితం తీశాడు. మిషను శుభ్రం చేసి, బ్యాటరీ మార్చి, శ్రద్ధగా చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నారా? లేకపోతే మిషను ఇవ్వరు. నాగవేణి నావైపు చూసింది. ఇప్పుడే ఇంటి మీద దుమ్మెత్తిపోసిన అవ్వని ఇదెలా అడగడం? గొంతు సవరించుకుని అడిగాను.

"ఉండాది. నా కోడలు. అట్లాంటి మనిషి ఈ జిల్లాలోనే లేదు."

ఇన్‌ఛార్జి కళ్లజోడు తీశాడు. "ఇప్పుడే కదమ్మా ఇంట్లో అన్నీ ఇబ్బందులేనన్నావు!"

ఆ మాట నేను అరిచి అందించాను. అవ్వ ఏమాత్రం తడబడలేదు. "అది ఆ కాగితానికప్పా. ఇది ఈ కాగితానికి."

ఆయన రెండు కాగితాలూ మార్చి మార్చి చూశాడు. రెంటిలోనూ తప్పు దొరకలేదు. రెండింటిమీదా స్టాంపు వేశాడు.

మిషను నాగవేణే పెట్టింది. చెవి వెనక సర్ది, చిన్న మీట నొక్కి పక్కకి తప్పుకుంది. సుజాతమ్మ ఆత్రంగా వంగి, "అత్తా! వినపడతా ఉందా!" అని అరిచింది. అవ్వ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

సుజాతమ్మ నాలిక కరుచుకుంది. మళ్లీ నోరు తెరిచి, ఆగింది. రెండోసారి ఏదో అనబోతే మళ్లీ అరుపే వచ్చింది. వరుసలో ఎవరో నవ్వారు. ఆమె నావైపు తిరిగింది, కళ్లలో నీళ్లు. "మెల్లగా ఎట్ల మాట్లాడేదో మర్చిపోయినాను సార్," అంది.

అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. తొందరేం లేదన్నట్టు ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. సుజాతమ్మ ముక్కు చీదుకుని, ఊపిరి పీల్చుకుని, అత్త చెవి దగ్గరికి వంగి ఇంకోసారి ప్రయత్నించింది. మూరెడు దూరంలో నిలబడ్డాను, ఏమందో నాకు వినపడలేదు. అవ్వ తలూపి, "సరేలేమ్మా," అంది.